పెన్షన్ వచ్చిన సైనికుడి మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి పెన్షన్ వచ్చాను. ఇప్పుడు కర్నూలులో ఉంటూ తోటి మాజీ సైనికుల కాగితాల పనులు చూసిపెడుతుంటాను. పీపీఓలో (పెన్షన్ ఆర్డరు కాగితంలో) భార్య పేరు తప్పు పడిందనో, స్పర్శ్ అనే సైనిక పెన్షన్ల వెబ్‌సైట్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఎక్కడం లేదనో వస్తారు. పని అయిపోతుంది, టీ అయిపోతుంది, మనిషి మాత్రం లేవడు. చివరికి చెప్పులు వేసుకుంటూ అసలు మాట అంటాడు: "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నా." ఆడవాళ్లయితే ఆయన పొలం పోయిన టైం చూసి ఫోన్ చేస్తారు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను, మందులు చెప్పను. ఎవరి దగ్గరికి ఎందుకు పోవాలో మాత్రం చెప్పగలను.

మా ఆయనకు ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా లేదు. అయినా మనిషి మునుపటిలా లేడు. ఏమై ఉంటుంది?

చాలా అయి ఉండొచ్చు. డిప్రెషన్ కావచ్చు, పీటీఎస్‌డీ (భయంకరమైనది చూశాక మనసును పట్టుకునే జబ్బు) కావచ్చు, తాగుడు కావచ్చు, థైరాయిడ్, షుగర్ కూడా కావచ్చు. అందుకే ముందు డాక్టర్ చూడాలి. కానీ నేను చూసినవాళ్లలో రెండు రకాల మనుషులు బాగా గుర్తుంటారు.

మొదటాయనది బేతంచెర్ల వైపు ఊరు. అక్కడ గనుల బ్లాస్టింగ్ రోజూ ఉండేదే, చంటిపిల్లలు కూడా నిద్ర లేవరు. ఈయన చేతిలో సంగటి ముద్ద మాత్రం పళ్లెంలో పడిపోతుంది. పెళ్లికి పోతే గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడేలా కూర్చుంటాడు. బస్సులో కిటికీ సీటు వద్దంటాడు.

రెండో ఆయనకు చప్పుళ్లతో పేచీ లేదు. దీపావళికి మనవళ్లతో కలిసి టపాకాయలు కాలుస్తాడు. కానీ ఆగస్టు 15న స్కూల్లో శాలువా కప్పుతామంటే ఆ రోజు ఊళ్లోనే ఉండడు. మెడల్స్ ఎక్కడ పెట్టాడో భార్యకు కూడా తెలియదు. "నేనేం పెద్ద మనిషిని, వదిలెయ్" అంటాడు. ఎవరైనా పొగిడితే కోపం వస్తుంది.

మొదటాయనది భయం ఒంట్లో ఉండిపోవడం. రెండో ఆయనది మనస్సాక్షి దెబ్బతినడం. దాన్నే మోరల్ ఇంజరీ అంటున్నారు, తెలుగులో నైతిక గాయం అనుకుందాం. రెండూ ఒకే మనిషిలో ఉండడమూ మామూలే.

నైతిక గాయం అంటే సరిగ్గా ఏంటి?

తాను తప్పు అని నమ్మే పని తన చేతుల మీదుగా జరగడం, లేదా కళ్ల ముందు జరుగుతుంటే ఆపలేకపోవడం, లేదా నమ్ముకున్న పైవాళ్లే మోసం చేయడం. వీటిలో ఏదైనా లోపల మిగిలిపోయి, "నేను మంచివాణ్ని కాను" అనో "ఎవర్నీ నమ్మకూడదు" అనో మనిషి ఒక తీర్పుకు వచ్చేస్తే అది నైతిక గాయం.

ఈ మాటను వైద్యంలోకి తెచ్చింది జోనథన్ షే అనే అమెరికా సైకియాట్రిస్టు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు ఏళ్ల తరబడి వైద్యం చేసి, 1990లలో ఈ సంగతి రాశాడు. ఆయన ఎక్కువగా చెప్పింది అధికారంలో ఉన్నవాళ్లు చేసే ద్రోహం గురించి. తర్వాత 2009లో బ్రెట్ లిట్జ్, ఆయన తోటి పరిశోధకులు దాన్ని విస్తరించి, సైనికుడు స్వయంగా చేసినవీ, ఆపలేకపోయినవీ, చూసినవీ, విన్నవీ కూడా అందులోకే వస్తాయన్నారు.

మన మాటల్లో చెప్పుకుందాం. చెక్‌పోస్ట్ దగ్గర ఆపమంటే ఆగని బండి మీద ఆర్డర్ ప్రకారం కాల్పులు జరిగాయి, తీరా చూస్తే లోపల ఉన్నది ఆస్పత్రికి పోతున్న కుటుంబం. జ్వరం వచ్చిందని పికెట్ (కాపలా పోస్టు) డ్యూటీ మార్చుకుంటే, బదులుగా పోయిన బడ్డీ, అంటే జోడీ జవాను, తిరిగి రాలేదు. శవపేటికతో పాటు ఊరికి వెళ్లి, "అమ్మా, బాధ లేకుండా పోయాడు" అని ఆ తల్లితో అబద్ధం చెప్పాల్సి వచ్చింది. ఇద్దరికి రక్తం కారుతుంటే ముందు ఎవర్ని చూడాలో మెడికల్ వాడే తేల్చాల్సి వచ్చింది. ఈ చివరిది మా ట్రేడ్ వాళ్ల సంగతి. దీని గురించి మాలో మేము కూడా పెద్దగా మాట్లాడుకోం.

పీటీఎస్‌డీ అంటే ఇదే కదా?

కాదు. పీటీఎస్‌డీ అనేది పేరున్న జబ్బు. అమెరికా సైకియాట్రీ వర్గీకరణలోకి 1980లో వచ్చింది. జరిగింది మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, పీడకలలు, ఉలిక్కిపడడం, ఆ జ్ఞాపకం వచ్చే చోట్లకు పోకపోవడం దాని లక్షణాలు. నైతిక గాయం అనేది డాక్టర్ చీటీ మీద రాసే జబ్బు పేరు కాదు. డాక్టర్ రాసేది డిప్రెషన్ అనో, పీటీఎస్‌డీ అనో, ఆల్కహాల్ డిపెండెన్స్ అనో ఉంటుంది. ఆ పేరు వెనక నడుస్తున్న కథ ఇది.

తేడా ఎందుకు తెలియాలంటే, భయానికి పనిచేసే మాట అపరాధ భావనకు పనిచేయదు. "ఇప్పుడు నువ్వు ఇంట్లో ఉన్నావు, నీకేం కాదు" అంటే భయపడేవాడికి ఊరట. తాను తప్పు చేశాననుకునేవాడికి ఆ మాటే ఇంకో పోటు: "అవును, నేను మాత్రం ఇంట్లో ఉన్నాను."

ఇవన్నీ అమెరికావాళ్ల జబ్బులు. మన జవాన్లకు ఇలాంటివి ఉండవంటారు, నిజమేనా?

ఈ మాట పెద్ద ర్యాంకుల్లో పనిచేసి వచ్చినవాళ్ల నోట కూడా విన్నాను. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి ఉంది. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో 13వ శాసనం కళింగ యుద్ధం గురించి. లక్ష మంది చనిపోయారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, అందుకు తనకు పశ్చాత్తాపం కలిగిందనీ గెలిచిన రాజే చెక్కించాడు. ఒడిశాలో, సాక్షాత్తూ యుద్ధం జరిగిన గడ్డ మీద ఉన్న ధౌళి బండపై ఆ 13వ శాసనం లేదు. మన కర్నూలు జిల్లాలో ఉంది. పశువులు కాసే పిల్లలు దాని పక్కనే తిరుగుతుంటారు.

భారతం సంగతి చెప్పనక్కర్లేదు. "అశ్వత్థామ హతః" అన్న మాట ద్రోణుడి చెవిన పడ్డాక, అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల పైన నడిచే ధర్మరాజు రథం కిందికి దిగింది. యుద్ధం గెలిచాక ఆయన నాకీ రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్లు చెప్పారు, ద్రౌపది చెప్పింది, వ్యాసుడు చెప్పాడు, కృష్ణుడు చెప్పాడు. అందరూ చెప్పింది "నీ ధర్మం నువ్వు చేశావు" అనే. అయినా ఆయన తేరుకోలేదు. అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గర కూర్చుని, అడగాల్సినవన్నీ అడగాల్సి వచ్చింది. శాంతిపర్వం అంత పొడుగు ఎందుకుందో నాకు ఈ పనిలో పడ్డాకే అర్థమైంది.

యుద్ధానికే పోలేదు, బండి తోలాడు అంతే. ఆయనకెందుకు వస్తుంది?

డ్రైవర్లే శవాలను మోసుకొస్తారు. క్లర్కులే ఇంటికి టెలిగ్రాం రాసేవాళ్లు. సియాచిన్‌లో 1984 నుంచి తుపాకీ కంటే మంచు, చలి, ఎత్తు తీసిన ప్రాణాలే ఎక్కువ. అక్కడ తోటివాడి తాడు పట్టి ఆపలేక వదిలేసిన చెయ్యి కూడా అదే బరువు మోస్తుంది. "నువ్వు ఫైటింగ్‌లో లేవు కదా" అనే మాట యూనిట్‌లోనూ అంటారు, ఊళ్లోనూ అంటారు. అందుకే వీళ్లు ఇంకా ఆలస్యంగా నోరు తెరుస్తారు.

"దేశం కోసం చేశావు, నీ తప్పేం లేదు" అని రోజూ చెబుతున్నాం. వినిపించుకోవడం లేదు. ఇంకేం చెప్పాలి?

చెప్పడం ఆపండి. కోపంతో అనడం లేదు, నేను చూసినంతలో ఇళ్లలో ఎక్కువగా చెడేది ఇక్కడే.

ఆయన సగం మాట బయటపెట్టగానే మీరు "నీ తప్పు కాదులే" అంటారు. మీకది ఓదార్పు. ఆయనకు వినబడేది "ఇక చాలు, మిగతాది చెప్పొద్దు" అని. పైగా ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలియదు. తెలియకుండా ఇచ్చిన క్షమ ఆయనకు చెల్లదు. "అసలు సంగతి తెలిస్తే ఈమె ఇలా అనదు" అనుకుని ఇంకాస్త ముడుచుకుంటాడు.

లోపల ఉన్నది రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, తప్పు లేకుండానే మోస్తున్న బరువు. డ్యూటీ మార్చుకున్న ఆయనకు ఆ రాత్రి దాడి జరుగుతుందని తెలుసా? తెలియదు. నిజంగా జ్వరం ఉందా? ఉంది. ఆ క్షణంలో తనకు తెలిసిందేంటి, తర్వాత తెలిసిందేంటి అని విడదీసి చూస్తే ఆ బరువు కొంత తగ్గుతుంది. రెండోది, నిజంగానే చేసిన తప్పు. లొంగిపోయినవాణ్ని కొట్టి ఉండొచ్చు. రిపోర్టులో అబద్ధం రాసి ఉండొచ్చు. దాన్ని "తప్పు కాదు" అంటే ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే సరైనది. దానికి కావాల్సింది తప్పును తప్పుగా ఒప్పుకుని, ఆ తర్వాత ఎలా బతకాలో వెతుక్కోవడం. ఈ రెంటిలో ఏదో తేలాలంటే కథ మొత్తం ఎవరో ఒకరు వినాలి. ఆ ఒకరు మీరే కావాలని లేదు. తోటి సైనికుడు కావచ్చు, డాక్టర్ కావచ్చు, సైకాలజిస్టు కావచ్చు.

ఇంట్లోవాళ్లు చేయగలిగిన పని చిన్నది, కానీ కష్టమైనది. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడక్కండి, పక్కన ఉండండి. పొలం గట్టు మీద నడుస్తున్నప్పుడు, బైక్ వెనక కూర్చున్నప్పుడు మగవాళ్లు ఎక్కువ మాట్లాడతారు. "తర్వాత?" అన్న ఒక్క మాట చాలు. విన్నాక "అయ్యో పాపం" అనీ వద్దు, "అంత పని చేశావా" అనీ వద్దు. "ఇన్నేళ్లు ఇది నువ్వొక్కడివే మోశావా" అనండి. అది నిజం కాబట్టి ఆయన కాదనలేడు.

పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న చుట్టాలు "ఎంతమందిని లేపేశావు మామా?" అని అడుగుతారు. దాన్ని ఆపే బాధ్యత మాత్రం మీదే. ఆయన ఆపలేడు, నవ్వి ఊరుకుంటాడు. ఆ రాత్రి నిద్రపోడు.

మా నాయన శ్రీలంక పోయి వచ్చినాడు. 30 ఏళ్లు బాగానే ఉన్నాడు. బ్యాంకు గార్డు పని కూడా మానేశాక ఇప్పుడు రాత్రిళ్లు ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు?

ఇలా చాలామందికి జరుగుతుంది. పని ఉన్నంత కాలం పని కాపాడుతుంది. 35, 40 ఏళ్లకే పెన్షన్ వచ్చి, వెంటనే బ్యాంకులోనో, ఏటీఎం దగ్గరో, సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరో రెండో ఉద్యోగంలో చేరతారు. పిల్లల చదువులు, ఇల్లు కట్టడం, ఆడపిల్ల పెళ్లి. అవన్నీ తీరాక 60 దాటిన వయసులో, నిద్ర సహజంగానే తగ్గే కాలంలో, పాతవి పైకి వస్తాయి. తోటివాళ్లలో ఒకరు పోయారన్న కబురు చాలు.

శ్రీలంకకు పోయిన మన శాంతి దళం, అంటే ఐపీకేఎఫ్ వాళ్లకు ఇంకో బాధ కూడా ఉంది. 1987 జులైలో శాంతి కాపాడడానికని పోయారు. అక్టోబరు కల్లా ఎవరి కోసం పోయామనుకున్నారో ఆ తమిళుల్లోని సాయుధ సంస్థ ఎల్టీటీఈతోనే యుద్ధం. దాదాపు 1,200 మంది మనవాళ్లు చనిపోయారు. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. రాజకీయంగా ఎవరి కారణాలు వాళ్లకుంటాయి, అది నా సబ్జెక్టు కాదు. కానీ "ఎందుకు పోయాం?" అన్న ప్రశ్నకు జవాబు దొరకని సైనికుడికి గాయం మానడం కష్టం. కార్గిల్ వాళ్లకు ఊళ్లలో దండలు పడ్డాయి. వీళ్లను ఏం చేసి వచ్చారని కూడా ఎవరూ అడగలేదు.

ఒక జాగ్రత్త. ఈ వయసులో కొత్తగా మొదలైన ఏడుపు, మతిమరుపు, రాత్రిపూట గందరగోళం ఉంటే మెదడుకు సంబంధించిన జబ్బు కూడా కావచ్చు. పాత యుద్ధం మీదికి నెట్టేయకుండా పరీక్షలు చేయించండి.

క్యాంటీన్ కోటా తెచ్చుకుని రోజూ తాగుతున్నాడు. అది మానేస్తే అన్నీ సర్దుకుంటాయా?

తాగుడు జబ్బు కూడా, ఆయన తనకు తాను చేసుకుంటున్న వైద్యం కూడా. రమ్ము తాగితే నిద్ర వస్తుంది, తెల్లవారుజామున అదే నిద్రను పాడుచేస్తుంది, పీడకలలు ఎక్కువవుతాయి. క్యాంటీన్ కార్డు దాచేస్తే ఊళ్లో బెల్టు షాపు ఉండనే ఉంది.

ముఖ్యమైన సంగతి: ఏళ్లుగా రోజూ ఎక్కువ తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. గుడి ముందు ఒట్టు వేయించి అదే రోజు మాన్పించిన ఇళ్లలో ఇది జరుగుతుంది. మాన్పించాల్సింది డాక్టర్ చూస్తుండగా, మందులతో. మానాక అసలు బాధ పైకి వస్తుంది. అప్పుడు పక్కన మనిషి ఉండాలి.

సైకియాట్రిస్టు దగ్గరికి పోతే పెన్షన్ ఆగుతుందా? రికార్డులో ఎక్కుతుందా?

ఆగదు. పెన్షన్ వచ్చాక మానసిక వైద్యం చేయించుకున్నందుకు పెన్షన్ తీసేసే రూలు లేదు.

ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. సర్వీసులో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే షేప్ కేటగిరీలు ఉంటాయి, వాటిలో మొదటి అక్షరం ఎస్ మనసుకు సంబంధించినది. అందులో కేటగిరీ పడితే ఆయుధం ఇవ్వరు, ప్రమోషన్ మీద ప్రభావం, లంగర్‌లో (జవాన్ల భోజనశాలలో) గుసగుసలు. అందుకే 17 ఏళ్లు నోరు మూసుకునే అలవాటు పడుతుంది. పెన్షన్ వచ్చాక ఆ భయానికి పని లేదు. డీఎస్‌సీలో (సైనిక స్థావరాలకు కాపలా కాసే దళంలో) మళ్లీ చేరాలనుకునేవాళ్లకు మాత్రం మెడికల్ ఉంటుంది, అది వేరే లెక్క.

2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యం. డాక్టర్ మీ ఊరివాళ్లకో, మీ పాత యూనిట్‌కో చెప్పకూడదు.

ఆర్మీ రహస్యాలు బయట చెప్పకూడదు కదా, డాక్టర్‌తో ఎలా మాట్లాడేది?

ఏ సెక్టారు, ఏ పోస్టు, ఏ తారీఖు అని డాక్టర్‌కు అక్కర్లేదు. "ఒక కొండ మీద, ఒక రాత్రి" అంటే చాలు.

ఎక్కడికి పోవాలి?

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉంటే మీ పాలీక్లినిక్‌కు పోండి. ఈ పథకం 2003 నుంచి ఉంది. అక్కడి మెడికల్ ఆఫీసర్‌కు "నిద్ర లేదు" అని మాత్రమే చెబితే నిద్రమాత్ర రాసి పంపే ప్రమాదం ఉంది. "సైకియాట్రిస్టుకు రిఫరల్ కావాలి" అని నోరు తెరిచి అడగండి. లిస్టులో ఉన్న ఆస్పత్రికో, మిలిటరీ ఆస్పత్రికో పంపుతారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితిలో రిఫరల్ కోసం ఆగకుండా నేరుగా లిస్టులోని ఆస్పత్రికి పోవచ్చు.

కార్డు లేకపోతే కర్నూలు, కడప, అనంతపురంలో మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి. ఓపీలో సైకియాట్రీ చీటీ రాయించుకోండి. క్యూ ఉంటుంది, పొద్దున్నే పోవడం మేలు. క్యూలో తెలిసినవాళ్లు కనబడతారేమో అన్న సిగ్గే చాలామందిని వాకిట్లో ఆపేస్తుంది. కొందరు అందుకే బెంగళూరులోని మానసిక వైద్య ఆస్పత్రి నిమ్హాన్స్‌కు పోతారు. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు. పోవడం మంచిదే, కానీ నెలనెలా పోగలరా అని ముందే ఆలోచించుకోండి. మధ్యలో మానేసే వైద్యం కంటే దగ్గర్లో సాగే వైద్యం మేలు.

ఇప్పటికిప్పుడు మాట్లాడాలంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. సైనికుల కోసం ప్రత్యేకంగా ఒక టెలిమానస్ విభాగాన్ని 2023 డిసెంబరులో పుణేలోని సైనిక వైద్య కళాశాలలో పెట్టారు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వైద్యం చేయదు. కానీ కార్డులు, సాయాలు, ఏ ఆస్పత్రి లిస్టులో ఉందన్న సంగతి అక్కడ తెలుస్తాయి.

మందులు వాడితే అలవాటైపోతాయంటారు?

సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి మత్తుకు అలవాటు చేసే మందులు కావు. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, నాలుగు రోజులు వేసి "గుణం లేదు" అని ఆపకండి. తగ్గిందని ఉన్నట్టుండి కూడా ఆపకండి, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. అలవాటు చేసేవి ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు. వాటినే మనవాళ్లు చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటారు. వాటి మీద సారా, రమ్ము లాంటివి తాగితే ఊపిరే ఆగిపోవచ్చు.

మందు నిద్రను, దిగులును, ఉలికిపాటును తగ్గిస్తుంది. "నేను తప్పు చేశాను" అన్న మాటను మందు చెరపలేదు. దానికి మాటలతో చేసే చికిత్స కావాలి. లిట్జ్ బృందం అమెరికా మెరైన్ల కోసం తయారుచేసిన పద్ధతిలో, చనిపోయిన మనిషితోనో, తాను బాగా గౌరవించే పెద్దాయనతోనో మనసులో మాట్లాడిస్తారు. ముందు తన తప్పు చెప్పుకోవాలి, తర్వాత ఆ పెద్దాయన ఏమంటాడో కూడా తనే చెప్పాలి. మీరు పోయిన చోట ఈ పద్ధతి పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. "డాక్టర్ గారూ, మందుతో పాటు కౌన్సెలింగ్ ఎవరు చేస్తారు?" అని అడగండి.

గుడికి, దర్గాకు పోతే తగ్గుతుందా? పెద్ద దర్గాలో నిద్ర చేయమంటున్నారు.

పోవద్దని నేను అనను. దేవుడి ముందు తల వంచడం, చర్చిలో చెప్పుకోవడం, దర్గాలో ఫాతెహా ఇప్పించడం, మంత్రాలయంలో అన్నదానం దగ్గర ఆకులు ఎత్తడం, ఇవన్నీ తప్పు మోస్తున్న మనిషికి నిజంగా ఊరటే. క్షమ అడగడానికి ఒక చోటు కావాలి కదా. కానీ మందు మాన్పించి తీసుకుపోకండి, గాలి సోకిందని కట్టేసి కొట్టేవాళ్ల చేతిలో పెట్టకండి.

పరిహారం చేసుకోవడం మాత్రం చికిత్సలోనూ ఉంది. నాకు తెలిసిన ఒకాయన చనిపోయిన బడ్డీ తల్లికి ఏటా మనీఆర్డర్ పంపేవాడు. ఫారంలో సందేశం రాసే చోట ఏమీ రాసేవాడు కాదు. కౌన్సెలింగ్‌కు పోవడం మొదలయ్యాక ఒక ఏడు ఆ ఖాళీలో "ఆ రోజు డ్యూటీ నాది" అని రాసి పంపాడు. ఆమె ఎవరిచేతో ఫోన్ చేయించి రమ్మంది. పోయి వచ్చాడు. నిద్ర మాత్ర ఇంకా వేసుకుంటూనే ఉన్నాడు, కానీ ఇప్పుడు ఆ బడ్డీ పేరు ఎత్తి మాట్లాడగలుగుతున్నాడు.

"నేను లేకపోతేనే మీకు మంచిది" అంటున్నాడు. బెదిరింపేనా?

బెదిరింపు అనుకోకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేయండి. పరిస్థితి చేయి దాటేలా ఉంటే 108.

ఇంట్లో రెండు వస్తువులు ఆ రోజే బయటికి పోవాలి. ఒకటి పురుగుల మందు. శెనక్కాయ చేనుకు కొట్టగా మిగిలిన డబ్బా గాదె పక్కనే ఉంటుంది, దాన్ని పక్కింటికో, చుట్టాలింటికో పంపండి. రెండోది గార్డు పని కోసం తీసుకున్న లైసెన్సు తుపాకీ. దాన్ని చట్టబద్ధంగా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయొచ్చు. సైనికుడి దగ్గర తుపాకీ తీసుకోవడం అవమానమని జంకుతారు. "కొన్నాళ్లు అక్కడ పెడదాం, తగ్గాక తెచ్చుకుందాం" అని తోటి సైనికుడి చేత చెప్పించండి, వింటాడు.

ఇప్పటికే ప్రయత్నం చేసి ఉంటే, కేసవుతుందని దాచి ఇంట్లో నాటు వైద్యం చేయకండి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే వైద్యం చేయించాలి.

దీనికి డిజెబిలిటీ పెన్షన్ వస్తుందా?

"నైతిక గాయం" అని రాస్తే రాదు, మెడికల్ బోర్డుకు ఆ పేరుతో జబ్బు లేదు. పీటీఎస్‌డీ, డిప్రెషన్ లాంటి నిర్ధారణ ఉండి, అది సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. చేరేటప్పుడు రికార్డులో జబ్బు రాసి లేకపోతే, సర్వీసులో వచ్చినదాన్ని సైనికుడికి అనుకూలంగానే చూడాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. 2023 సెప్టెంబరులో రూల్సు మారాయి కాబట్టి మీరు ఎప్పుడు పెన్షన్ వచ్చారన్నది ముఖ్యం. సర్వీసులో ఆస్పత్రిలో చేరిన కాగితం ఒక్కటి ఉన్నా పారేయకండి. బోర్డు కాదంటే అప్పీలు ఉంది, ఆ పైన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. ఒక మాట: పెన్షన్ కోసమని వైద్యం వాయిదా వేయకండి, వైద్యం చేయించుకుంటే కేసు బలహీనపడదు.

లీడర్ దగ్గర గన్‌మన్‌గా పిలుస్తున్నారు. జీతం బాగుంది. పోనా?

నిద్రలో అరిచే మనిషి మళ్లీ తుపాకీ పట్టి, అదీ ఊరి కక్షల మధ్యకు పోవడం నాకు నచ్చదు. సోలార్ ప్లాంటులో స్టోర్ కీపర్ జీతం తక్కువే అయినా నేను అటే చెబుతాను.

పిల్లలకు ఏం చెప్పాలి?

"నాయనకు మీ మీద కోపం కాదు, ఆర్మీలో జరిగిన కష్టం గుర్తొచ్చినప్పుడు అలా ఉంటాడు, వైద్యం చేయించుకుంటున్నాడు." ఇంతకంటే వివరాలు అక్కర్లేదు. నిద్రలో ఉన్న నాయనను తట్టి లేపొద్దనీ, కాళ్ల వైపు నిలబడి పేరుపెట్టో, వరసపెట్టో పిలవాలనీ నేర్పండి. ఉలిక్కిపడి చెయ్యి విసిరితే దెబ్బ తగిలేది పిల్లలకే.

ఆయన సంగతి సరే, నాకే పిచ్చెక్కేలా ఉంది.

ఈసీహెచ్‌ఎస్‌లో భార్య కూడా ఉంటుంది. మీ పేరు మీద మీరే పోయి చూపించుకోండి, ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. చాలా ఇళ్లలో ముందు భార్య పోయింది, ఆమెకు తోడని వచ్చిన ఆయన రెండోసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు. చెయ్యి చేసుకుంటుంటే మాత్రం అది గాయం కాబట్టి భరించాలని ఎవరు చెప్పినా వినకండి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

మా ఆయన సీఆర్పీఎఫ్‌లో చేసినాడు. మాకూ ఇదే వర్తిస్తుందా?

బాధ అదే, కాగితాలు వేరు. కేంద్ర బలగాల వాళ్లు ఈసీహెచ్‌ఎస్ కిందికి రారు. పెన్షనర్లు సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు తీసుకోవచ్చు, కానీ ఆ వెల్‌నెస్ సెంటర్లు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. అందుకని ముందు మీ జిల్లా పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి పొండి. ఆధార్, పాత మందుల చీటీలు, సర్వీసులో చూపించుకున్న కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న అన్ని మాత్రల అట్టలు ఒక కవర్లో పెట్టుకోండి. ఆయన నిద్ర ఎన్ని గంటలు, ఎంత తాగుతాడు, ఎప్పటి నుంచి అన్నది మీరే ఒక కాగితం మీద రాసి డాక్టర్ చేతికివ్వండి, ఎందుకంటే అడిగితే ఆయన "అంతా ఓకే సార్" అంటాడు.